ప్లాన్‌లో లేనిది ఏదొచ్చినా టెన్షన్ పడిపోతున్నాను, మీరెలా ఉంటారు?

వనస్థలిపురం అమ్మాయి:

నాకు 36 ఏళ్ళు. ఇద్దరివీ ఉద్యోగాలే, ఏడేళ్ళ పాప ఉంది. వారంలో ఏ పూట ఏం వండాలో ఆదివారమే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తాను. అలా చేయకపోతే మా ఇల్లు నడవదు, కాబట్టి ప్లానింగ్ మానెయ్ అని మాత్రం చెప్పకండి. నా బాధ వేరే.

మే నెలలో ఒక ఆదివారం పొద్దున పదకొండింటికి కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే మా చిన్నాయన. నల్లగొండ దగ్గర పల్లెటూరు ఆయనది. కంటి ఆపరేషన్ గురించి మర్నాడు ఆసుపత్రిలో చూపించుకోవాలట, ఒక రోజు ముందే వచ్చి పనామా బస్టాపు దగ్గర బస్సు దిగి, ఎండలో నడుచుకుంటూ వచ్చారు. భుజం మీద గోనెసంచి. దాంట్లో డజనుకు పైగా తాటికాయలు. వస్తున్నట్టు ఫోన్ చేయలేదు. ఆయన ఎప్పుడూ చేయరు.

ఆ రోజు నా లిస్టులో వాషింగ్ మెషీన్ రెండు ట్రిప్పులు, వారానికి సరిపడా కూరగాయలు, పాప ప్రాజెక్టు, మూడింటికి ఆఫీసు కాల్ ఉన్నాయి. కుర్చీ వేసి కూర్చోబెట్టాను, మంచినీళ్ళిచ్చాను, టీ పెట్టాను. కానీ ఒక్క నిమిషం కూడా ఆయన పక్కన కూర్చోలేదు. సంచి విప్పి "కొడవలి ఉన్నదా బిడ్డా, పాపకు ముంజలు కొట్టిస్త" అన్నారు. మా ఇంట్లో కొడవలి ఎక్కడుంటుంది, లేదు చిన్నాయనా, వంటింట్లో పెట్టండి తర్వాత చూద్దాం అన్నాను. అంటూనే గోడ గడియారం వైపు చూశాను. ఆయన అది చూశారు. టీ తాగేసి, "నీకు పనున్నట్టున్నది, చూసుకో బిడ్డా, నేను మీ అత్త వాళ్ళింటికి పోత" అని లేచారు. భోజనం చేసి వెళ్ళండి అన్నాను కానీ, గేటు దాకా వెళ్ళి ఆపలేదు. ఇరవై నిమిషాలు కూడా లేరు మా ఇంట్లో.

సాయంత్రం పాప అడిగింది, తాతయ్య ముంజలు కొట్టిస్తానన్నాడు కదా, ఎందుకు వెళ్ళిపోయాడు అని. ఆ తాటికాయలు కొయ్యడం మాకెవరికీ చేతకాలేదు. నాలుగో రోజుకి పాడైపోతే చెత్తబండిలో వేశాను. వేస్తుంటే చాలా ఏడుపొచ్చింది.

అప్పటినుంచి గమనిస్తున్నాను, నేను ప్రతిదానికీ ఇలాగే ఉన్నాను. దారి మళ్ళించారంటే టెన్షన్. కరెంటు పోతే టెన్షన్. పక్కింటావిడ ఊరికే మాట్లాడదామని వస్తే లోపల్లోపల నిమిషాలు లెక్కపెట్టుకుంటాను. చెడ్డది జరిగినప్పుడు టెన్షన్ పడితే అర్థముంది, మంచిది గుమ్మంలోకి వచ్చి నిలబడినా నాకు అడ్డంగానే కనిపిస్తోంది. అనుకోనిది వచ్చినప్పుడు మనసు బిగుసుకుపోకుండా ఉండటం ఎలాగో, మీరు నిజంగా చేసేది ఏమైనా ఉంటే చెప్పండి.

కల్లం కాపలా:

అక్కా, మీ పోస్టు చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. మాది పల్నాడు, మిర్చి వేస్తాం. ముందు ఒక మాట సూటిగా చెప్పాలి: మా దగ్గర అనుకోనిది అంటే ఎక్కువసార్లు నష్టమే. కాయ కోసి కల్లంలో ఆరబోశాక పది పదిహేను రోజులు ఎండాలి, సరిగ్గా అప్పుడే మార్చిలోనో ఏప్రిల్‌లోనో అకాల వర్షం వస్తుంది. తడిసిన కాయ రంగు పోతుంది, తాలు, అంటే నాసిరకం కాయ కింద తీసేస్తారు, యార్డులో ఎర్రకాయకీ తాలుకీ ధరలో ఎంత తేడానో మిర్చి రైతునడిగితే చెప్తాడు. ఆరు నెలల కష్టం ఒక్క వానలో పోతుంది. కాబట్టి ఏదొచ్చినా నవ్వుతూ స్వాగతం పలకండి అని ఎవరైనా అంటే నాకు మింగుడుపడదు.

కానీ వానకి భయపడి కాయ ఆరబోయకుండా ఎవరూ ఉండరు కదా. మేం చేసేది ఒకటే. పరదా పట్టలు కల్లం గట్టు మీదే మడిచి పెట్టుకుంటాం, ఇంట్లో కాదు. మూలలకి పెట్టే రాళ్ళు కూడా అక్కడే. రాత్రి ఒకరు కల్లంలోనే పడుకుంటారు. వాన వస్తుందో రాదో ఎవరికీ తెలియదు, వస్తే పట్ట కోసం వెతుక్కోకూడదు, అంతే. మీరు చెప్పినదాంట్లో నాకు కనపడింది ఏంటంటే, మీ ఆదివారంలో ఒక్క అరగంట కూడా ఖాళీ లేదు. మనసు మంచిది కాక కాదు, పట్ట పెట్టుకోడానికి గట్టే లేదు.

ఇంకోటి చెప్తాను. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు, మాకూ పక్క చేను వాళ్ళకీ గట్టు తగాదా. నాలుగేళ్ళు మాటల్లేవు. ఒక రాత్రి రెండింటికి ఉరుములు మొదలైనాయి, కల్లంలో నేనూ మా నాన్నే ఉన్నాం, ముప్పై టిక్కీల (బస్తాల) కాయ. గాలికి పట్ట మా చేతుల్లో నిలవట్లేదు. అవతలి కొస ఎవరో పట్టుకున్నారు. మెరుపులో చూస్తే పక్క చేను ఆయన, వాళ్ళబ్బాయి. వాళ్ళ కాయ అప్పటికే కప్పేసి మా వైపు పరిగెత్తుకొచ్చారు. కప్పడం అయ్యాక నలుగురం ఆ పట్ట అంచు కిందే కూర్చున్నాం, వాన తగ్గేదాకా ఎవరూ ఏం మాట్లాడలేదు. తెల్లారి మా అమ్మ వాళ్ళింటికి కాఫీ పంపింది. గట్టు ఇప్పటికీ వంకరగానే ఉంది, మాటలు మాత్రం ఆగలేదు. ఆ సాయం వస్తుందని మేం అనుకోలేదు, వచ్చినప్పుడు మా నాన్న వద్దనకుండా ఉండటం నాకు ఇప్పటికీ గుర్తుంటుంది.

నైట్ షిఫ్ట్:

నాది వేరే అభిప్రాయం. ఈ రోజుల్లో ఒక్క ఫోన్ చేసి రావడానికి ఏం కష్టం? మీరు తప్పు చేశాననుకుని కుంగిపోనక్కర్లేదు. నేను రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటాను, మధ్యాహ్నం బెల్ కొడితే ఆ రోజు నిద్ర పోయినట్టే. మన టైముకి కూడా విలువుంది, అది పెద్దవాళ్ళకి మర్యాదగా చెప్పడం నేర్చుకోవాలి.

గోదావరి పెద్దమ్మ:

పైన రాసిన బాబూ, నీ నిద్ర సంగతి నిజమే, తలుపు మీద కాగితం అంటించుకో, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ ఈ అమ్మాయి అడిగింది అది కాదు.

అమ్మాయ్, మాది రాజమండ్రి. నాకు 68 వచ్చాయి. మనం అతిథి అంటామే, ఆ మాటకి మా పెద్దలు చెప్పే అర్థం, తిథి లేనివాడు అని. ఫలానా రోజు వస్తానని చెప్పకుండా వచ్చేవాడే అతిథి. పిలిస్తే వచ్చేవాళ్ళని మా ఇళ్ళల్లో అభ్యాగతులనేవారు. ఇద్దరికీ వేరువేరు మాటలు పెట్టుకున్నారంటే, చెప్పకుండా వచ్చేవాళ్ళు ఎంత మామూలుగా ఉండేవారో చూడు.

అయితే ఆ రోజుల్ని నేను పొగడను. మా అమ్మ ఎన్ని మధ్యాహ్నాలు అందరికీ వడ్డించి, గిన్నెలో మిగిలిన అడుగు అన్నంలో మజ్జిగ పోసుకుని తిందో నేను చూశాను. వచ్చినవాళ్ళకి అది తెలియదు. ఆ కాలానికి మళ్ళీ వెళ్ళమని నీకు చెప్పను. కానీ ఆవిడకి కంగారు ఉండేది కాదు, ఎందుకుండేది కాదో పెళ్ళయ్యాక నాకు తెలిసింది. బియ్యం కడిగేటప్పుడు మా లెక్కకి పైన ఒక గిద్దెడు వేసేది, రోజూ. ఆవకాయ, కందిపొడి, గుమ్మడి వడియాలు, ఊరమిరపకాయలు ఏడాది పొడుగునా ఉండేవి. మనిషి గుమ్మంలోకి వచ్చాక ఆవిడ చేయాల్సింది వడియాలు వేయించడమే. ఎవరూ రాకపోతే ఆ గిద్దెడన్నం మర్నాడు చద్దన్నం, పెరుగూ ఉల్లిపాయా వేసుకుని మేమే తినేవాళ్ళం. వృథా కాలేదు.

ఇక మీ చిన్నాయన సంగతి. పల్లెటూరి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి నువ్వు అటూ ఇటూ తిరుగుతుంటే ఆయనకి ముళ్ళమీద ఉన్నట్టుంటుంది. నువ్వు పని ఆపక్కర్లేదు, ఆయన్ని పనిలో కలుపుకో. చిక్కుళ్ళు ఒక చాటలో పోసి ఈనెలు తీసి పెట్టు చిన్నాయనా అని ముందు పెట్టు. నువ్వు పక్కన కూర్చుని బట్టలు మడతపెట్టుకో. చేతులు పనిలో ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి, నీ పనీ అవుతుంది, ఆయనకీ ఇది నా ఇల్లే అనిపిస్తుంది. నేను మా కోడలికి చెప్పి చేయించేది ఇదే, వాళ్ళింట్లోనూ ఇద్దరూ ఉద్యోగస్తులే.

ఆయనకి ఫోన్ చేశావా మరి? పోస్టంతా వెతికాను, ఆ మాట ఎక్కడా లేదు.

ల్యాబ్ రికార్డ్:

గుంటూరులో ఫిజిక్స్ చెప్తాను, పాతికేళ్ళుగా. మేడమ్, నాకు తెలిసిన దారిలోనే చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మా ఊళ్ళో హీలియం కనిపెట్టారని మేం గర్వంగా చెప్పుకుంటాం. అసలు జరిగింది అంతకన్నా బాగుంటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆ గ్రహణం చూడటానికి గుంటూరు వచ్చాడు. బ్రిటిష్ వాళ్ళ తరఫున టెనంట్ బృందం కూడా గుంటూరులోనే దిగింది, మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ బందరు వెళ్ళాడు. సూర్యుడు పూర్తిగా కప్పుకుపోయినప్పుడు అంచున ఎర్రటి మంటల్లాంటివి కనపడతాయి, అవి దేనితో తయారయ్యాయో స్పెక్ట్రోస్కోపుతో, అంటే వెలుగుని రంగులుగా విడదీసే పరికరంతో చూడాలని అందరి ప్లాను. ఉన్నది ఆరు నిమిషాల లోపు సమయం, అదీ వానాకాలంలో. ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించండి.

జాన్సెన్ చూశాడు, వెలుగు గీతలు కనపడ్డాయి, అది వేడి వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్ అని తేలింది. వచ్చిన పని అయిపోయింది. కానీ ఆ గీతలు అతను అనుకున్నదానికన్నా చాలా కాంతిగా ఉన్నాయి. ఇంత కాంతి ఉంటే గ్రహణం లేకపోయినా కనపడాలి కదా అని అక్కడికక్కడే తట్టింది. మర్నాడు పొద్దున్నే, గ్రహణం గిహణం ఏమీ లేని మామూలు సూర్యుడి మీదికి పరికరం తిప్పాడు. కనపడ్డాయి. అప్పటిదాకా ఆ మంటల్ని చూడాలంటే గ్రహణం కోసం ఏళ్ళ తరబడి ఆగాల్సిందే, ఆ రోజు నుంచి ఎండ కాసే ఏ రోజైనా చూడొచ్చు. ఇంగ్లండులో లాక్యర్ అనే ఇంకో శాస్త్రవేత్త కూడా విడిగా అక్టోబరులో అదే పద్ధతి పట్టుకున్నాడు, ఇద్దరి సమాచారమూ పారిస్ సైన్స్ అకాడమీకి ఒకే రోజు చేరింది. గ్రహణంలో కనపడిన పసుపు గీతని సోడియం అనుకున్నవాళ్ళున్నారు, ఆ చోటు కొంచెం తేడాగా ఉందని పట్టుకుని, ఇది కొత్త మూలకం అన్నది లాక్యర్. సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నారు. భూమి మీద దాన్ని రామ్సే 1895లో గానీ చూడలేదు.

నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ మర్నాటి పొద్దున. పెట్టెలు సర్దుకునే రోజు అది.

దీన్ని నేను క్లాసులో ఎలా వాడతానో చెప్తాను. సింపుల్ పెండ్యులం, అంటే దారానికి గుండు కట్టి ఊపే ప్రయోగంలో పిల్లలు జవాబు (గురుత్వ త్వరణం) 9.8 రావాలని రీడింగులు రబ్బరుతో చెరిపి దిద్దుతారు. నేను మొదటిరోజే రబ్బరు తీసేయమంటాను. తేడా వచ్చిన రీడింగుని కొట్టెయ్యొద్దు, పక్కన చుక్క పెట్టి రాసుకో అంటాను. ఒక అమ్మాయికి దారం పొడవుకీ, ఒక ఊపుకి పట్టే టైమ్ స్క్వేర్‌కీ గీసిన గ్రాఫు సున్నా దగ్గర మొదలవ్వలేదు, కొంచెం పైన మొదలైంది. పక్కవాళ్ళందరూ సున్నాకి లాగి కలిపేశారు, ఈ అమ్మాయి కలపలేదు, ఎందుకిలా అని పట్టుకొచ్చింది. చూస్తే దారం పొడవుని గుండు పైఅంచు దాకానే కొలిచింది, గుండు మధ్య దాకా కొలవలేదు. ఆ గీత పైకి ఎంత జరిగిందో లెక్కేస్తే గుండు వ్యాసార్థం వచ్చింది! గీత వాలు నుంచి తీసిన జవాబు సరిగ్గానే ఉంది. ఆ అమ్మాయి మొహం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

మీరు కూడా ఆ లిస్టు కాగితం తీసేయకండి. పక్కన ఒక గడి గీసి, ఆ రోజు లిస్టులో లేకుండా వచ్చిందేదో ఒక ముక్క రాయండి, మంచో చెడో తేల్చకుండా. నెల రోజులు రాస్తే వాటిల్లో నిజంగా నష్టం చేసినవి ఎన్నో మీకే కనపడుతుంది. నేను మా ఆవిడ పోయాక రెండేళ్ళు ఇలా రాశాను, ఊరికే చెప్పట్లేదు.

లంకమల:

ల్యాబ్ రికార్డ్ గారూ, మీది చదివాక మా కడప సంగతి చెప్పకుండా ఉండలేను. కలివికోడి అని మా అడవుల్లో ఒక పిట్ట, కలివి పొదల మధ్య నేలమీద పరిగెడుతుంది. 1848 ప్రాంతంలో జెర్డన్ అనే ఆయన కనిపెట్టాడు, 1900 తర్వాత ఎవరికీ కచ్చితంగా కనపడలేదు. ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో మళ్ళీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఊళ్ళలో తిరిగి మామూలు జనాన్ని అడుగుతూ వెళ్ళారు, అడవిలో తిరిగే స్థానికుడొకాయన రాత్రి పూట లైటు వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. అది రాత్రి తిరిగే పిట్ట. అంతకుముందు వెతికినవాళ్ళు ఎక్కువగా పగలు వెతికారు. తర్వాత దానికోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

నేను ఫారెస్టు ఉద్యోగిని కాదు, సిద్ధవటం వైపు చిన్న కిరాణా కొట్టు. ఈ కథ విన్నాక ఒక అలవాటు చేసుకున్నాను, రోజూ వెళ్ళే దారినే వారంలో ఒకరోజు వేరే వేళలో వెళ్తాను. అంతే, ఖర్చు లేదు. కొట్టు కట్టేసి రాత్రి తొమ్మిదింటికి చెరువు కట్ట మీద నడిస్తే పగలు నేను చూడని మనుషులు కనపడ్డారు, చేపల వలలు బాగుచేసుకునేవాళ్ళు, పరీక్షలకి చదువుకునే పిల్లలు. ఆ పిల్లల్లో ఒకడు ఇప్పుడు సాయంత్రాలు నా కొట్లో లెక్కలు చూస్తాడు. అలాంటివాడు కావాలని నేను వెతకలేదు, వాడు ఎప్పటినుంచో అక్కడే దీపం కింద కూర్చుంటున్నాడు, నేను పగలు నడిచాను కాబట్టి తెలియలేదు.

వనస్థలిపురం అమ్మాయి:

అందరికీ ఒక్కసారే రాస్తున్నాను, మూడు వారాలు ఆలస్యంగా.

పెద్దమ్మగారూ, మీరు అడిగిన రోజు రాత్రే ఫోన్ చేశాను. అప్పటిదాకా చేయలేదు, మొహం చెల్లలేదు. కన్ను ఎలా ఉందని అడిగాను, ఒక కన్ను ఆపరేషన్ అయిందట, మా అత్త వాళ్ళింట్లోనే పది రోజులున్నారట, మా ఇంటికి నాలుగు కిలోమీటర్లు. నాకు తెలియనే తెలియదు. క్షమించమని ఎలా అడగాలో మాటలు రాలేదు, ఆ రోజు తాటికాయలు పాడైపోయినై చిన్నాయనా, పారేశాను అని మాత్రం నిజం చెప్పేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "పోనీ తియ్యి, కొడవలి లేకపోతే ఎట్ల కొడ్తవ్" అన్నారు.

కల్లం కాపలా తమ్ముడూ, ఆదివారం పది నుంచి పన్నెండు దాకా ఇప్పుడు ఏమీ పెట్టట్లేదు. మొదటి ఆదివారం ఆ రెండు గంటలూ నరకంగా గడిచాయి, చేతులు ఊరుకోలేదు. రెండో ఆదివారం పక్కింటావిడ వచ్చింది, ఆవిడ చేతికి మునగాకు ఇచ్చి దూయమన్నాను, ఇద్దరం గంటన్నర కూర్చున్నాం. ఆవిడకి నిజామాబాద్‌లో పసుపు తోట ఉండేదని ఆరేళ్ళ తర్వాత తెలిసింది. గడిలో అది రాశాను సార్. ఇంకా రాసినవి: కరెంటు పోవడం, స్కూలు బస్సు రాకపోవడం, పాప పన్ను ఊడటం. స్కూలు బస్సు విషయంలో మాత్రం నిజంగానే నష్టం జరిగింది, మీటింగు తప్పింది, మాట పడ్డాను. అది కూడా రాశాను.

రెండో కన్నుకి చిన్నాయన మళ్ళీ రావాలి. ఎప్పుడొచ్చినా మా ఇంట్లోనే ఉండాలి, ఫోన్ కూడా చేయక్కర్లేదు, వచ్చెయ్యండి అన్నాను. "మొన్న గూడ అట్లనే వచ్చిన గద బిడ్డా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నిన్న ఎల్బీ నగర్‌లో కొడవలి కొన్నాను. సీజన్ చివర కదా, రోడ్డు పక్కన నాలుగు తాటికాయలు కూడా దొరికాయి. ఎక్కడ కొయ్యాలో తెలియట్లేదు, చెయ్యి తెగుతుందేమోనని భయంగా ఉంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, పాప పక్కనే కూర్చుని ఉంది.

కల్లం కాపలా:

అక్కా, పాపని కొంచెం దూరంగా కూర్చోబెట్టండి ముందు. కాయని చేత్తో పట్టుకుని కొట్టకండి. కింద చెక్క పీట వేసి, కాయని పక్కకి పడుకోబెట్టి, ముచ్చిక ఉన్న వైపు పైన రెండు వేళ్ళ మందం పలచగా తీసుకుంటూ రండి. ఒక్క దెబ్బకి తెగాలని చూడొద్దు, చెక్కినట్టు చెక్కండి. తెల్లగా కళ్ళు కనపడగానే ఆపెయ్యండి, మూడుంటాయి, ఒక్కోసారి రెండే. ఇక కొడవలి పక్కన పెట్టేసి కాయ పాప చేతికిచ్చేయొచ్చు. బొటనవేలు కంటి అంచున దించి లోపలికి తిప్పితే ముంజ మొత్తం పైకి వస్తుంది. వేలు పెట్టేముందు మొహం కాస్త వెనక్కి పెట్టుకోమనండి, నీళ్ళు చిమ్ముతాయి.